మెడికల్ జర్నల్‌కి రిఫరెన్సులు: ముందు డేటా సరిచేయండి, స్టైల్ సంగతి తర్వాత

మీ ప్రశ్న సారాంశం ఇది. థీసిస్‌ని ఒరిజినల్ ఆర్టికల్‌గా మారుస్తున్నారు. థీసిస్‌లో రచయిత పేరు, సంవత్సరం పెట్టే హార్వర్డ్ పద్ధతి వాడారు, జర్నల్ ఏమో వాక్యాల్లో నంబర్లు పెట్టి చివర్లో అదే వరుసలో లిస్టు ఇచ్చే వాంకోవర్ పద్ధతి అడుగుతోంది. అరవై పైచిలుకు రిఫరెన్సులున్నాయి, వాళ్లు 40 దాటొద్దన్నారు. ఒక టేబుల్‌ని ఫైల్ చివరికి జరపగానే నంబర్లన్నీ తారుమారయ్యాయి. ఎట్ ఆల్ (‘మరికొందరు’ అని) ముగ్గురు రచయితల తర్వాత పెట్టాలా, ఆరుగురి తర్వాత పెట్టాలా అన్నదానికి ఒక్కో గైడ్ ఒక్కోలా చెబుతోంది. ఇదంతా చేత్తో దిద్దుకోవాలా, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా అని అడిగారు. పేపర్లు రాయడం, రివ్యూ చేయడం, జూనియర్ల డ్రాఫ్టులు దిద్దడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి తెలిసినంతా వివరంగా చెబుతాను.

ఎట్ ఆల్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. మీరు చూసిన రెండు గైడ్లూ కరెక్టే. వాంకోవర్ అనేది అచ్చంగా ఒకే స్టైల్ కాదు, ఒక కుటుంబం అనుకోండి. 1978లో కెనడాలోని వాంకోవర్‌లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు సమావేశమై, మాన్యుస్క్రిప్టులన్నీ ఒకే రూపంలో వస్తే రచయితలకు పదేపదే మార్చి రాసే బాధ తప్పుతుందని కొన్ని నియమాలు పెట్టుకున్నారు. 1979లో అవి అచ్చయ్యాయి. రిఫరెన్సుల రూపాన్ని అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్, అంటే ఎన్‌ఎల్‌ఎం, తయారుచేసింది. వాంకోవర్‌లో కలిసిన ఆ ఎడిటర్ల బృందమే ఇప్పటి ఐసీఎంజేఈ, అంటే మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ. ఐసీఎంజేఈ నమూనాల్లో మొదటి ఆరుగురి పేర్లు రాసి ఎట్ ఆల్ పెడతారు. ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్) స్టైల్‌లో ఆరుగురి దాకా అయితే అందరినీ రాస్తారు, ఏడుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే మొదటి ముగ్గురిని మాత్రమే రాసి ఎట్ ఆల్ అంటారు. కొన్ని జర్నళ్లు ఎంతమంది ఉన్నా అందరి పేర్లూ అడుగుతాయి. కాబట్టి ‘వాంకోవర్ ప్రకారం ఏది సరి’ అని వెతకడం మానేసి, మీ జర్నల్ రచయితల సూచనల పేజీ తెరవండి. దాంతో పాటు ఆ జర్నల్ తాజా సంచికలోంచి మీ పేపర్ లాంటి ఒరిజినల్ ఆర్టికల్ ఒకటి దించుకుని పక్కన పెట్టుకోండి. సూచనల పేజీ పాతబడి ఉండొచ్చు, ఒక్కోసారి అందులోని నమూనాలు ఒకదానితో ఒకటి పొసగవు కూడా. అచ్చయిన పేపర్ చూస్తే వాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో కనబడుతుంది.

ఆ అచ్చు పేపర్‌లో ఏం గమనించాలో చెబుతాను. అస్థిపంజరం మాత్రం అన్ని చోట్లా దాదాపు ఒకటే: రచయితలు, చుక్క, వ్యాసం శీర్షిక, చుక్క, జర్నల్ సంక్షిప్త నామం, సంవత్సరం, సెమికోలన్, వాల్యూమ్, బ్రాకెట్‌లో ఇష్యూ నంబర్, కోలన్, పేజీలు. తేడాలన్నీ చిన్న చిన్న చోట్ల ఉంటాయి. పేజీలను ఎన్‌ఎల్‌ఎం పద్ధతిలో 284-7 అని కుదిస్తారు, ఏఎంఏలో 284-287 అని పూర్తిగా రాస్తారు. ఇష్యూ నంబర్ కొందరికి కావాలి, కొందరికి అక్కర్లేదు. వాక్యంలో నంబర్ మామూలు బ్రాకెట్‌లోనా, చదరపు బ్రాకెట్‌లోనా, పైన సూపర్‌స్క్రిప్ట్‌గానా అన్నది చూడండి. సూపర్‌స్క్రిప్ట్ అయితే చుక్కకీ కామాకీ ముందు వస్తోందా తర్వాత వస్తోందా అన్నది కూడా. ఏఎంఏలో అది చుక్క, కామాల తర్వాత వస్తుంది, కోలన్, సెమికోలన్‌లకు ముందు వస్తుంది. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) పెడుతున్నారా లేదా చూసుకోండి. ఇవన్నీ ఒక చిన్న కాగితం మీద రాసి పెట్టుకుంటే చివర్లో మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

ఇంకో మాట. ఇప్పుడు చాలా జర్నళ్లు మొదటి సబ్మిషన్‌కి ఏ స్టైల్ అయినా ఒప్పుకుంటున్నాయి, అన్ని రిఫరెన్సులూ ఒకే తీరులో ఉంటే చాలంటాయి, మార్పులతో తిరిగి పంపేటప్పుడో, అంగీకరించాకో మాత్రమే తమ స్టైల్ అడుగుతాయి. మీ జర్నల్ అలా అంటుంటే కామాలూ చుక్కల మీద ఇప్పుడే రాత్రుళ్లు పాడుచేసుకోకండి, పేపర్ తిరస్కరణకు గురైతే ఇంకో జర్నల్‌కి మళ్లీ మార్చాల్సి వస్తుంది.

ఇక అసలు విషయం. చేత్తోనా సాఫ్ట్‌వేరా అంటే సాఫ్ట్‌వేరే, ఇందులో రెండో ఆలోచన వద్దు. రిఫరెన్సులు పదిహేను దాటాక చేత్తో నంబర్లు వేయడం అంటే ఒక పేరా మార్చిన ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టడమే. రిఫరెన్సులను దాచి, నంబర్లూ లిస్టూ తానే వేసే సాఫ్ట్‌వేర్లలో జొటెరో ఉచితం, మీ పనికి అది చాలు. మీ సంస్థ ఎండ్‌నోట్ కొని ఇచ్చి ఉంటే అదైనా సరే, మెండలే అలవాటైతే అదైనా సరే. ఏది వాడినా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి ఉంది: రిఫరెన్సు లిస్టులో కనిపించే తప్పుల్లో చాలావాటికి కారణం స్టైల్ ఫైల్ (జర్నల్ కోరే రూపాన్ని సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఫైల్) కాదు, మీ లైబ్రరీలో, అంటే సాఫ్ట్‌వేర్‌లో మీరు దాచుకున్న రిఫరెన్సుల్లో, ఉన్న డేటా. సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్నదాన్నే వరుసగా పేర్చి పెడుతుంది. శీర్షిక అంతా పెద్ద అక్షరాల్లో దిగుమతైతే లిస్టులోనూ అలాగే వస్తుంది. పేజీలు లేకపోతే పేజీలు రావు. అందుకే స్టైల్ ఎంచుకోవడం చివరి పని, డేటా సరిచేసుకోవడం మొదటి పని. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే మూడు రోజులు వర్డ్ ఫైల్‌లో దిద్దిందంతా ఒక్క రిఫ్రెష్‌తో ఎగిరిపోయి తల పట్టుకుంటారు.

డేటా ఎక్కడి నుంచి తెచ్చుకోవాలంటే, వైద్య పేపర్లయితే పబ్‌మెడ్ (వైద్య పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ డేటాబేస్) నుంచే. గూగుల్ స్కాలర్‌లో వెతకడం తేలిక, కానీ అక్కడి నుంచి దించుకున్న వివరాల్లో ఇనిషియల్స్ లేకపోవడం, ఇష్యూ నంబర్ ఎగిరిపోవడం మామూలే. పబ్‌మెడ్‌లో ప్రతి వ్యాసానికీ పీఎంఐడీ అనే నంబర్ ఉంటుంది. జొటెరోలో మంత్రదండం బొమ్మ మీద నొక్కి ఆ నంబర్ గానీ డీఓఐ గానీ ఇస్తే వివరాలన్నీ అదే తెచ్చుకుంటుంది. మీ అరవై రిఫరెన్సుల పీఎంఐడీలు వెతికి ఒక కాగితం మీద రాసుకోండి. ఏదైనా దొరక్కపోతే పబ్‌మెడ్‌లో సింగిల్ సైటేషన్ మ్యాచర్ ఉంది, జర్నల్ పేరు, సంవత్సరం, మొదటి పేజీ ఇస్తే పట్టిస్తుంది. అక్కడా దొరకనివి రెండు రకాలు: పబ్‌మెడ్‌లో లేని జర్నల్‌వి, అసలు లేనే లేనివి. రెండో రకం గురించి కింద చెబుతాను.

లైబ్రరీలోకి వచ్చాక ఒక్కో ఎంట్రీని తెరిచి చూడండి. విసుగ్గానే ఉంటుంది, కానీ ఇక్కడ పెట్టిన ఒక గంట తర్వాత ఎన్నో గంటలు మిగులుస్తుంది. శీర్షిక వాక్యంలా ఉండాలి, అంటే మొదటి అక్షరం, విశేష నామాలు తప్ప మిగతాదంతా చిన్న అక్షరాలు. జొటెరోలో శీర్షిక మీద రైట్ క్లిక్ చేస్తే సెంటెన్స్ కేస్ చేసే ఆప్షన్ ఉంది, కాకపోతే అది జీన్ల పేర్లనూ సంక్షిప్త నామాలనూ కూడా చిన్న అక్షరాలు చేయొచ్చు, చూసుకుని వెనక్కి మార్చండి. బ్యాక్టీరియా పేర్ల ఇటాలిక్స్ కూడా దిగుమతిలో పోతుంటాయి. జర్నల్ సంక్షిప్త నామాలు ఊహించి రాయొద్దు, ఎన్‌ఎల్‌ఎం క్యాటలాగ్‌లో ప్రతి జర్నల్‌కీ అధికారిక రూపం ఉంది. ఒకే పదం ఉన్న జర్నల్ పేరును కుదించరు, గ్యాస్ట్రోఎంటరాలజీ అంటే పూర్తిగా గ్యాస్ట్రోఎంటరాలజీయే.

సంస్థే రచయిత అయినప్పుడు వచ్చే తప్పు ఒకటుంది, రివ్యూకి వచ్చే పేపర్లలో తరచూ చూస్తుంటాను. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ అని రచయిత గడిలో టైప్ చేస్తే సాఫ్ట్‌వేర్ అదొక మనిషి పేరనుకుని ఇంటిపేరు ఆర్గనైజేషన్, ఇనిషియల్స్ డబ్ల్యూ హెచ్ అని తేల్చి ‘ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్’ అని అచ్చేస్తుంది. జొటెరోలో పేరు గడి పక్కనున్న చిన్న బటన్‌తో దాన్ని ఒకే గడిగా మార్చాలి, ఎండ్‌నోట్‌లో అయితే సంస్థ పేరు చివర కామా పెట్టాలి. మార్గదర్శకాలు, ట్రయల్ బృందాల పేర్లు అన్నిటికీ ఇదే పద్ధతి. అలాగే డూప్లికేట్లు. ఒకే పేపర్ లైబ్రరీలో రెండుసార్లు ఉంటే మాన్యుస్క్రిప్ట్‌లో అదే పేపర్‌కి 7, 23 అని రెండు నంబర్లు పడతాయి. జొటెరోలో డూప్లికేట్లను చూపించే ఫోల్డర్ ఉంది, అక్కడ కలిపేయండి. సహ రచయితలు కూడా సైటేషన్లు పెడతారంటే ఒక గ్రూప్ లైబ్రరీ పెట్టి అందరూ అందులోంచే తీసుకునేలా చూడండి, ఎవరి లైబ్రరీలోంచి వాళ్లు పెడితే ఇదే సమస్య.

ఇప్పుడు హార్వర్డ్ నుంచి మార్చడం. వర్డ్‌లో ఉన్న ప్రతి పేరు–సంవత్సరం బ్రాకెట్‌ని తీసేసి అక్కడ ప్లగిన్‌తో (వర్డ్‌లో మీ సాఫ్ట్‌వేర్ చేర్చే మెనూతో) సైటేషన్ పెట్టుకుంటూ వెళ్లండి, ఇందులో షార్ట్‌కట్ లేదు. అయిపోయాక ఫైల్‌లో 19, 20 అని వెతకండి, మిగిలిపోయిన సంవత్సరాలన్నీ బయటపడతాయి. ఒక్క జాగ్రత్త: హార్వర్డ్‌లో పేరు కనిపిస్తుంది కాబట్టి వాక్యాలు దాని మీద ఆధారపడి ఉంటాయి, బ్రాకెట్ తీసేయగానే కొన్ని అతుకుల్లా మిగులుతాయి. అలాంటివి తిరిగి రాయండి. ఒకసారి నంబర్ ఇచ్చిన పేపర్‌కి చివరిదాకా అదే నంబర్. అబ్‌స్ట్రాక్ట్‌లో మామూలుగా సైటేషన్లు పెట్టరు.

టేబుల్ గొడవ ఎందుకొచ్చిందంటే, నియమం ప్రకారం టేబుల్‌లో మాత్రమే ఉన్న రిఫరెన్సులు ఆ టేబుల్ ప్రస్తావన వాక్యంలో మొదట ఎక్కడ వచ్చిందో అక్కడి వరుసలో నంబర్ తీసుకోవాలి. అంటే 14వ రిఫరెన్సు తర్వాత ‘టేబుల్ 2 చూడండి’ అని రాస్తే, ఆ టేబుల్‌లో కొత్తగా ఉన్న మూడు పేపర్లు 15, 16, 17 అవుతాయి, తర్వాతి పేరాలో వచ్చేది 18 అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఇది తెలియదు, ఫైల్‌లో ఏది ముందుంటే దానికే ముందు నంబర్ ఇస్తుంది. జర్నల్ అడిగింది కదా అని మీరు టేబుల్‌ని చివరికి జరపగానే దాని రిఫరెన్సులన్నీ చివరి నంబర్లయ్యాయి. దీనికి నేను చేసేది చాలా సింపుల్: రాస్తున్నంత కాలం టేబుల్‌ని దాని మొదటి ప్రస్తావన ఉన్న పేరా కిందే ఉంచుతాను. అంతా ఖరారయ్యాక ఫైల్‌కి కాపీ తీసి, ఆ కాపీలో సైటేషన్లను మామూలు టెక్స్ట్‌గా మార్చి, అప్పుడు టేబుల్‌ని కత్తిరించి చివరికో వేరే ఫైల్‌కో పంపుతాను. నంబర్లు కదలవు. బొమ్మల కింద రాసే వివరణలకీ ఇదే.

మామూలు టెక్స్ట్‌గా మార్చడం అన్నాను కదా, జొటెరోలో దాన్ని అన్‌లింక్ సైటేషన్స్ అంటారు, ఎండ్‌నోట్‌లో కన్వర్ట్ టు ప్లెయిన్ టెక్స్ట్. జర్నల్ సబ్మిషన్ సైట్ మీ ఫైల్‌ని పీడీఎఫ్ చేసేటప్పుడు సైటేషన్ల వెనక సాఫ్ట్‌వేర్ దాచే ఫీల్డ్ కోడ్లు ఒక్కోసారి చిక్కు తెస్తాయి, అందుకే ఈ కాపీని పంపడం మేలు. జొటెరోలో ఒకసారి అన్‌లింక్ చేస్తే ఆ ఫైల్‌లో సైటేషన్లు మళ్లీ జీవం పోసుకోవు. కాబట్టి అసలు ఫైల్‌ని పేపర్ అచ్చయ్యేదాకా భద్రంగా దాచండి. రివ్యూయర్ మూడు కొత్త పేపర్లు చేర్చమంటే మీకు కావాల్సింది ఆ ఫైలే.

అరవైని నలభైకి ఎలా తగ్గించాలన్నది నిజానికి ఫార్మాటింగ్ ప్రశ్న కాదు, అయినా చెబుతాను. ఒక్క వాక్యానికి ఐదు నంబర్లు వరసగా ఉన్న చోట్లు ముందు చూడండి, వాటిలో మొదట చేసినదీ, అత్యంత బలమైనదీ ఉంచితే చాలు. అందరికీ తెలిసిన పాఠ్యపుస్తక విషయాలకు రిఫరెన్స్ అక్కర్లేదు. కానీ నలభైకి తేవాలని అసలు పరిశోధనలు తీసేసి వాటి బదులు ఒక రివ్యూ పెట్టకండి. ఐసీఎంజేఈ కూడా వీలైనంత వరకు మూల పరిశోధననే ఉటంకించమంటుంది.

వెబ్‌పేజీ అయితే సంస్థ పేరు, శీర్షిక, ప్రచురించిన లేదా అప్‌డేట్ చేసిన తేదీ, మీరు చూసిన తేదీ, లింకు ఉండాలి. ఆ పేజీని పీడీఎఫ్‌గా సేవ్ చేసి పెట్టుకోండి, ఏడాది తర్వాత ఉండకపోవచ్చు. ప్రీప్రింట్ (జర్నల్ రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్) అయితే అది ప్రీప్రింట్ అని రిఫరెన్స్‌లో స్పష్టంగా రాయాలి, అంతకన్నా ముందు అది ఈలోగా జర్నల్‌లో వచ్చిందేమో చూడాలి. ఎవరో ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో చెప్పిన సంగతి లిస్టులోకి రాదు, తప్పనిసరైతే వాక్యంలోనే బ్రాకెట్‌లో వాళ్ల పేరు, తేదీ రాసి, వాళ్ల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. కామా తప్పయితే కాపీ ఎడిటర్ దిద్దుతారు. మీరు నంబర్ వేసిన వాక్యం ఆ పేపర్ చెప్పని మాట చెబితే దాన్ని దిద్దేవాళ్లు చాలాసార్లు ఎవరూ ఉండరు. వైద్య జర్నళ్లలో ఉటంకింపులు ఎంత కచ్చితంగా ఉన్నాయో చూసిన ఒక మెటా అనాలిసిస్ (పలు అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే విశ్లేషణ) 2015లో వచ్చింది, దాని ప్రకారం దాదాపు నాలుగో వంతు ఉటంకింపుల్లో ఏదో ఒక తప్పుంది. ఇది రోగుల దాకా వెళ్లే సంగతి. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఎడిటర్‌కి రాసిన ఐదు వాక్యాల లేఖ ఒకటి అచ్చయింది, ఆస్పత్రిలో చేరి నార్కోటిక్ మందులు తీసుకున్న రోగుల్లో వ్యసనం అరుదుగా కనిపించిందని. అదే జర్నల్‌లో 2017లో వచ్చిన విశ్లేషణ ఆ లేఖను ఉటంకించిన 608 రచనలను పరిశీలించింది. 72 శాతం పైగా దాన్ని ఓపియాయిడ్లతో (అంటే అలాంటి నార్కోటిక్ మందులతో) వ్యసనం అరుదు అనడానికి సాక్ష్యంగా వాడుకున్నాయి, 80 శాతం పైగా ఆ రోగులు ఆస్పత్రిలో ఉన్నవాళ్లన్న మాటే చెప్పలేదు. అసలు లేఖ తెరిచి చదవడానికి నిమిషం పట్టదు. ఇంకోటి, ఒక ప్రచురణ సంస్థ రచయితల గైడ్‌లో నమూనాగా చూపించిన, అసలు ఉనికిలోనే లేని వ్యాసం ఒకటి వందల పేపర్ల రిఫరెన్సు లిస్టుల్లోకి ఎక్కిన సంగతి 2017లో బయటపడింది.

అందుకే మీ నలభై పేపర్లలో ప్రతిదాన్నీ తెరిచి, మీరు రాసిన వాక్యానికి ఆధారమైన లైన్‌నో టేబుల్‌నో వేలుపెట్టి చూపించగలరా అని పరీక్షించుకోండి. నేను జొటెరో నోట్‌లో ఆ పేజీ నంబర్ రాసి పెడతాను. పేపర్ దొరక్క అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చదివి ఉంటే లైబ్రరీ ద్వారానో రచయితకి మెయిల్ రాసో తెప్పించుకోండి, దొరకకపోతే ఆ వాక్యాన్నే వదిలేయండి. ఏఐ చాట్‌బాట్‌తో రిఫరెన్సులు వెతికించి ఉంటే మరీ జాగ్రత్త. నిజమైన రచయితల పేర్లు, నిజమైన జర్నల్, నమ్మదగ్గ శీర్షిక అన్నీ కలిపి లేని పేపర్‌ని ఇవ్వగలవు. పైన చెప్పిన రెండో రకం ఇవే. డీఓఐ తెరుచుకుంటే సరిపోదు, తెరుచుకున్న పేజీలో ఉన్నది మీరు చెప్పిన పేపరేనా అని చూడాలి.

రిట్రాక్షన్లు, అంటే అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న పేపర్లు, కూడా చూడాలి. 2020 మేలో లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద వచ్చిన పెద్ద అధ్యయనాన్ని జూన్ మొదటి వారానికల్లా వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్యలో దాన్ని లైబ్రరీలో దాచుకున్నవాళ్లు మళ్లీ చూడకపోతే అది అలాగే వాళ్ల పేపర్లోకి వెళ్తుంది. జొటెరో మీ లైబ్రరీని అలా వెనక్కి తీసుకున్న పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి అలాంటివాటి మీద హెచ్చరిక చూపిస్తుంది, పబ్‌మెడ్ పేజీ మీద కూడా స్పష్టంగా రాసి ఉంటుంది. సబ్మిట్ చేసే రోజు ఒకసారి, రివిజన్ పంపే రోజు ఒకసారి చూడండి. రిట్రాక్షన్ గురించే రాస్తుంటే తప్ప అలాంటి పేపర్‌ని ఉటంకించకూడదు.

చివరిగా ప్రూఫ్ దశ, అంటే అచ్చుకు ముందు పేజీలు మీకు పంపి సరిచూడమనే దశ. అప్పటికి అలసిపోయి ఉంటారు, పైగా ప్రూఫ్‌కి చాలా జర్నళ్లు రెండు మూడు రోజులే గడువిస్తాయి. అయినా రిఫరెన్సు లిస్టు పక్కన పెట్టుకుని వాక్యాల్లోని ప్రతి నంబర్‌నీ మొదటి నుంచి సరిచూడండి, కాపీ ఎడిటింగ్‌లో ఒక వాక్యం ముందుకో వెనక్కో జరిగినప్పుడు నంబర్లు పక్కకు పోయే అవకాశం ఉంది. మీరు సబ్మిట్ చేసినప్పుడు ఆన్‌లైన్‌లో మాత్రమే ఉన్న పేపర్లకు ఈలోగా వాల్యూమ్, పేజీలు వచ్చి ఉంటాయి, అవి చేర్చండి. ‘ఈ రిఫరెన్స్ వివరాలు ఇవ్వండి’ అని ప్రూఫ్‌లో వచ్చే ప్రశ్నలకు గుర్తున్నది రాసేయకుండా పబ్‌మెడ్‌లోనే చూసి జవాబివ్వండి. మీ జర్నల్ పేరు చెబితే జొటెరోలో దానికి సరిపోయే స్టైల్ ఉందో లేదో చూసి చెబుతాను.